అత్త ఇంట్లో పలకకూడని మాట

ఈ ఉదయం సింగానల్లూరులో మా వీధిలోకి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. మా వీధి ఎంత సన్ననిదంటే, ఆటో వస్తే పాలు పోసే ఆమె సైకిలును గోడకు ఆనించి తానూ గోడకు ఆనుకోవాలి. అంత ఇరుకులో ఆ మైకు గొంతు చెవిన పడదు, నెత్తిన పడుతుంది. ఆదివారం స్కూల్లో ఇలవస కణ్ ముగామ్, అంటే ఉచిత కంటి క్యాంపు, అందరూ రావాలని తమిళంలో చెప్పిందే చెప్పుకుంటూ పోయింది. నేను మునగాకు దూస్తున్నాను. మా అబ్బాయి పళ్ళు తోముకుంటూ వచ్చి, "అమ్మా, కంటి క్యాంపంట. నువ్వు గూడా ఒగ తూరి పోయి చూపిచ్చుకోరాదా?" అన్నాడు. "పోతాలేరా" అన్నాను గాని చేతిలో రెమ్మ చేతిలోనే ఉండిపోయింది. క్యాంపు అనే మాటను వాడు ఎంత తేలికగా అనేశాడు! మా అత్త బతికి ఉన్నన్నాళ్ళు ఆమె గడపలో నిలబడి ఆ మాట అనే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు.

ఈ మాట ఇంగ్లీషువాళ్ళ సైన్యాలతో మన దగ్గరికి వచ్చింది. సిపాయిలు గుడారాలు వేసుకొని దిగిన చోటు క్యాంపు. మాకు మాత్రం దానితో అంతకంటే పాత చుట్టరికమే ఉంది. మా పెద్దవాళ్ళు చెప్పే కథ ప్రకారం మేము ఏదో ఒక దండు వెంట ఈ తమిళ దేశానికి వచ్చినవాళ్ళం. ఎవరి దండు, ఎవరి మీదికి అని అడిగితే ఒక్కో తాత ఒక్కో రాజు పేరు చెప్పేవాడు. ఇద్దరు తాతలు ఒకచోట కూర్చుంటే ఆ యుద్ధం మళ్ళీ మొదలయ్యేది. దండు దిగిన చోటును పాళెం అన్నారు. కోయంబత్తూరు చుట్టుపక్కల బస్సుల బోర్డులు చదివితే ఎన్నో ఊళ్ళ పేర్ల చివర పాళయం కనబడుతుంది. అంటే అవన్నీ క్యాంపులే. దండు పోయింది, రాజులు పోయారు. మేము ఆ క్యాంపుల్లోనే మిద్దెలు కట్టుకొని, పత్తి వేసుకొని, తర్వాత మిల్లుల్లో, పంపుసెట్ల షెడ్లలో పనులకు చేరి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటూ ఉండిపోయాము. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. అంతవరకూ అది నాకు నోటితో మాత్రమే తెలిసిన భాష.

నా చిన్నతనంలో క్యాంపు అనే మాటకు మనిషికొక అర్థం. మా చిన్నాయనది పంపుసెట్ల కంపెనీలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఆయన ఏడి అని ఎవరడిగినా మా పిన్నమ్మ "క్యాంపు పోయుండారు" అనేది. క్యాంపు అనేది ఒక ఊరని, అది మదురై కంటే పెద్దదని, అక్కడ మురుకులు చాలా బాగా చేస్తారని నేను చాలాకాలం నమ్మాను, ఎందుకంటే ఆయన క్యాంపు నుంచి ఎప్పుడొచ్చినా చేతిలో మురుకుల పొట్లం ఉండేది. గాంధీపురం బస్టాండులో ఒకసారి కండక్టరును క్యాంపు బస్సు ఏదని అడిగి, అమ్మ చేత మొట్టికాయ తిన్నాను కూడా. మా అన్నకు క్యాంపంటే ఖాకీ నిక్కరు వేసుకొని గుడారం కింద కూర్చుని మాడిన ఉప్మా తినడం. పశువులకు సూదులు వేసే రోజు ఇంకొక క్యాంపు. పార్టీవాళ్ళు తమ మనుషుల్ని ఎదుటివాళ్ళు ఎత్తుకుపోకుండా హోటల్లో పెట్టి మేపితే అదీ క్యాంపేనని పేపరు చదివే మా నాయన చెప్పేవాడు. ఇన్ని అర్థాలున్న మాటకు మా అత్త దగ్గర మాత్రం ఒకటే అర్థం.

అత్త అంటే మా నాయనకు అక్క. కోయంబత్తూరులో పుట్టిన మనిషిని తిరుమంగళం దగ్గర ఒక నల్లరేగడి ఊరికి, దూరపు చుట్టం అయిన మామకు ఇచ్చి చేశారు. ఎండాకాలం సెలవులు రాగానే నన్ను అక్కడికి పంపేవారు. అత్తది పెద్ద గొంతు. చేనులో పత్తి తీసే వాళ్ళను ఇంటి గుమ్మంలో నిలబడి పిలవగలదు. మామ దానికి పూర్తిగా ఎదురు. ఎవరేం చెప్పినా "సరి, సరి" అనేవాడు. తెలుగులో చెప్పినా తమిళంలో చెప్పినా ఆయన జవాబు అదే. "ఈ మనిసి సరి సరి అంటానే ఒగ దినం మమ్మల్ని గూడా ఎవురికో రాసిచ్చేస్తాడు చూడు" అని అత్త ఆయన ముందే ఎగతాళి చేసేది. దానికి కూడా ఆయన సరి అనేవాడు. వాళ్ళకు ఒక్కతే పాప. అప్పుడప్పుడే నడక వచ్చింది. నేను కూర్చుంటే చాలు, వెనకనుంచి వచ్చి నా జడ పట్టుకొని వేలాడేది.

ఆ ఏడు నేను అక్కడ ఉండగానే పాపకు జ్వరం పట్టుకుంది. కషాయాలకు తగ్గలేదు, విభూతికి తగ్గలేదు. అత్త కునుకు లేకుండా పాపను భుజాన వేసుకొని పంచలో తిరుగుతోంది. అప్పుడు ఊళ్ళోకి మైకు కట్టిన జీపు వచ్చింది. కుడుంబ నల ముగామ్, కుడుంబ నల ముగామ్ అని చెబుతోంది. కుటుంబ సంక్షేమ క్యాంపు అని ఆ సర్కారువాళ్ళ ఉద్దేశం. దాని వెనక ఉన్న పని వేరే అని పట్నంలో వాళ్ళకు తెలుసు. మామకు తెలియదు. నలం అంటే తమిళంలో క్షేమం, ఒంట్లో బాగుండటం. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ మనిషి ఆ తమిళాన్ని ఉన్నదున్నట్టుగా నమ్మాడు. కుటుంబానికి నలం చేసే చోటట, మన కుటుంబంలో నలం లేనిది పాపకే కదా అనుకున్నాడు. "పాపకు మందిస్తారంట, పోయి తెస్తా" అని చొక్కా తొడుక్కున్నాడు. "బిడ్డను తీసకపోవద్దా?" అని అత్త అడిగింది. "పెద్దోళ్ళు వస్తే సాలంట" అన్నాడు మామ. అది జీపులోని మనిషి ఆయనకు చెప్పిన మాట.

సాయంత్రానికి నడుచుకుంటూ వచ్చాడు. నడక ఎట్లాగో ఉంది. చేతిలో ఎర్రటి ప్లాస్టిక్ బకెట్టు ఉంది. ఆ ఊరికి ప్లాస్టిక్ బకెట్టు రావడం అదే మొదలు. పిల్లలమంతా దాని చుట్టూ చేరి, తలలు లోపల పెట్టి అరిచి, ఎవరి గొంతు ఎక్కువ మోగుతుందో పందేలు వేసుకున్నాము. మామ పంచలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. "మందేది?" అని అత్త అడిగింది. "మందు లేదు. నాకే ఏందో చేసినారు. చిన్న ఆపరేసనంట. కుడుంబానికి నల్లదంట" అన్నాడు మామ. తమిళంలో నల్లదంటే మంచిది. తెలుగులో నల్లది అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మా ఇళ్ళలో పిల్లలు ఈ రెండు మాటలతో ఎప్పుడూ ఆటలాడుకునేవాళ్ళు, నల్ల పిల్లి నల్లదా చెడ్డదా అని. ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు. అత్తకు అప్పటికి పూర్తిగా అర్థం కాలేదనుకుంటాను, బకెట్టు తీసి లోపల పెట్టి మళ్ళీ పాపను ఎత్తుకుంది.

ఆ జ్వరం దానంతట అదే తగ్గింది. వానలు పడ్డాక పాపకు తట్టు పోసింది, దానితోనే పాప ప్రాణం పోయింది. మా నాయన వెళ్ళి వచ్చి, అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు. ఊళ్ళో ఆడవాళ్ళు అత్తను ఓదార్చాలని, "ఇంగా వయసుండాది, మల్లీ పుడతాది" అంటే మామ లేచి చేనివైపు వెళ్ళిపోయేవాడట. చివరికి ఆయనే అత్తకు, ఇక పిల్లలు పుట్టకుండా తనకు కోశారని, బకెట్టు దానికి ఇచ్చిందేనని విడమరిచి చెప్పాడు. కోసినదాన్ని మళ్ళీ కలుపుతారని ఎవరో అంటే మదురై పోయి అదీ చేయించుకున్నాడు. ఫలితం లేకపోయింది. అత్త ఆయనను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణని మామ చాలా ఏళ్ళ తర్వాత నాతో అన్నాడు. ఆమె కోపమంతా ఆ మాట మీదికి పోయింది. పశువుల క్యాంపు గానీ, రక్తం క్యాంపు గానీ, పిల్లలకు చుక్కల మందు క్యాంపు గానీ, మైకు వినబడితే చాలు, మామను లోపలికి లాగి తలుపేసి గడియ పెట్టేది. మా చిన్నాయన ఆ ఇంటికి వెళ్ళినప్పుడు తన ఉద్యోగం గురించి "టూరు" అని చెప్పడం నేర్చుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మిల్లు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. అత్తకు ఒక కంట్లో పొర కమ్మిన సంగతి ఆ కన్ను పూర్తిగా పోయేదాకా మాకు తెలియనివ్వలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడటం మొదలయ్యాకే మామ మాకు కబురు చేశాడు. రెండో కన్నూ మసకబారుతోంది. కణతలు పగిలిపోతున్నట్టు నొప్పి అని తలకు గుడ్డ బిగించి కట్టుకొని కూర్చునేది. తిరుమంగళంలో ఏడాదికి ఒకటి రెండుసార్లు కంటి క్యాంపు పెట్టేవారు. మామూలు ఆస్పత్రికైనా రమ్మంటే, "ఆ తెల్ల కోట్లే గదా ఆడా ఉండేది" అనేది. మేము వేరే మాటలు వెతకడం మొదలుపెట్టాము. ముగామ్ అంటే పాత జీపులో మోగిన మాట అదే, కాబట్టి అది పనికిరాలేదు. నేను నా పుస్తకాల తెలుగు తీసి మకాం అన్నాను. "మకాం పోయి నేనేడ ఉండేది, నా ఇల్లు ఈడుంటే?" అంది. కళ్ళద్దాల షాపుకు పోదామని మా అన్న అన్నాడు. వాడి గొంతులోనే ఆమెకు అబద్ధం దొరికిపోయింది. మాకు ఏం చేయాలో తోచలేదు. ఎత్తుకుపోదామంటే, ఆమె భయపడుతున్నది కచ్చితంగా దానికే.

ఒకసారి నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. "అత్తా, కన్ను పోతే మల్లీ రాదు" అని ఏడ్చాను. ఆమె నా తల నిమిరింది. "పోయింది మల్లీ రాదని నాకి నువ్వు చెప్పల్నా అమ్మణ్ణి?" అంది.

అసలు సంగతి జరిగింది మరుసటి ఏడు. నేను రెండు రోజులు ఉండి పోదామని వెళ్ళాను. తెల్లవారి లేచేసరికి మామ ఇంట్లో లేడు. చేనికి పోయి ఉంటాడనుకున్నాము. అన్నాల వేళకు పక్కింటి ఆమె గుమ్మంలోకి వచ్చి, లోపలికి రాకుండానే, "అక్కా, మామ తిరుమంగలంలో కంటి క్యాంపు బస్సెక్కినారంట. మదురై తీసకపోయినారంట" అంది. అత్త చేతిలో చేట కింద పడింది. "మల్లీ ఎత్తకపోయినారా?" అంది. ఆ గొంతు అంతకుముందు ఎప్పుడూ నేను వినలేదు. చెప్పులు లేకుండా బయటికి నడిచింది. ద్వారబంధం భుజానికి కొట్టుకున్నా ఆగలేదు. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

తిరుమంగళం నుంచి మదురైకి టౌను బస్సులో నిలబడే పోయాము. ఆమె నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళ గుర్తులు మర్నాటికీ పోలేదు. "అత్తా, ఇది కండ్ల క్యాంపు, భయం లేదు" అని చెబుతూనే ఉన్నాను. ఆమె వినడం లేదు. "ఆ మనిసి దగ్గిర తీసేకి ఇంగేముంది? ఇంగేముందని తీసకపోయినారు?" అని నన్ను, కండక్టరును, పక్కన పూలబుట్ట పెట్టుకున్న ఆమెను, అందరినీ తెలుగులో అడిగింది. కండక్టరుకు ఏమీ అర్థం కాక, అడగకుండానే ఆమెకు తన సీటిచ్చాడు. ఆమె కూర్చోలేదు. బస్సు నిలిచిన ప్రతిచోటా "వచ్చిందా?" అంది. మామకు ఏమీ కాదని నాకు తెలుసు. అయినా, ఆమె పక్కన నిలబడితే ఏమీ కాదని నమ్మడం కష్టమైంది.

ఆస్పత్రిలో పెద్ద హాలు. వరుసగా మంచాలు, ఒక్కో మంచం మీద ఒంటికన్నుకు గుడ్డ కట్టిన మనిషి. ఏ మంచమో అడుగుదామని నేను నర్సును వెతుకుతుంటే, అత్త గుమ్మంలోనే నిలబడి చేనులో పిలిచే గొంతుతో "ఇన్నారా!" అని కేకేసింది. మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు, ఇన్నారా అంటారు. మా తెలుగువాళ్ళు ఎంతమంది ఆ క్యాంపు బస్సు ఎక్కారో గాని, నలుగురైదుగురు ముసలివాళ్ళు ఒకేసారి లేచి కూర్చుని "ఆఁ" అన్నారు. నాకు ఆ దుఃఖంలోనూ నవ్వు వచ్చింది. చివరి మంచం నుంచి "ఈడుండా" అని మామ గొంతు వినబడింది.

అత్త తడుముకుంటూ పోయి ఆయన ముఖం, చేతులు, పొట్ట తడిమింది. "ఏమి తీసినారు?" అని అడిగింది.

"కంటిలో పొర."

"ఇంగేమీ తీయలే గదా?"

"లే."

వంగి మంచం కింద చెయ్యి పెట్టి వెతికింది. "బక్కెట్టిచ్చినారా?"

"ఏమీ ఇయ్యలే. తాగేకి కాపీ ఇచ్చినారు, అంతే" అన్నాడు మామ. "నాకి గూడా పొర కమ్ముతా ఉండె, నీకి చెప్పలే. నేను చేపిచ్చుకొని వస్తే నువ్వు నమ్ముతావని వస్తి. ఈ తూరి నేను సరి అనలే. ఏమి చేస్తారు, యాడ చేస్తారు, ఇంగేమన్నా చేస్తారా అని అడిగి అడిగి ఎక్కినా."

అత్త మంచం అంచున కూర్చుండిపోయింది. పక్క మంచం మనిషి నాకు కుర్చీ చూపించాడు, నేనూ కూర్చున్నాను. తర్వాత ఆమె తల ఎత్తకుండా, "సరి. నాకి గూడా చూడమను" అంది. ఆ మాట కోసం మేము ఎన్నేళ్ళు ఎదురు చూశామో! నేను దాదాపు పరుగెత్తుకుంటూ పోయి నర్సును పిలుచుకొచ్చాను. నర్సు పేరు, ఊరు అడిగి, నన్ను చూపిస్తూ "ఉంగ పొన్నా?" అంది, మీ అమ్మాయా అని. అత్త కొంచెం ఆగి, "ఆమా" అంది, అవునని.

చూసిన డాక్టరు చిన్న వయసు అమ్మాయి. దీపం పెట్టి ఒక కన్ను చూసింది, రెండో కన్ను చూసింది, మళ్ళీ మొదటిది చూసింది. నన్ను పక్కకు పిలవబోతే అత్త "ఈడనే చెప్పమ్మా" అంది. ఆ అమ్మాయి తమిళంలో మెల్లగా చెప్పింది. పొర ముదిరి లోపల ఒత్తిడి పెరిగిందట, చూపు నరం ఎండిపోయిందట. ఇప్పుడు పొర తీసినా చూపు రాదట. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే ఒక కన్నైనా దక్కేదట. అత్తకు తమిళం నాకంటే బాగా వచ్చు. అయినా నావైపు తిరిగి, "ఏమంటాది అమ్మణ్ణి?" అని తెలుగులో అడిగింది. నోరు రెండుసార్లు తెరిచి మూశాను. ఆమెకు అదే జవాబైంది. "వాళ్ళు తీసుకునేకే వస్తారని తలుపేసుకుంటి. ఇచ్చేకి గూడా వస్తారని మీరు చెప్తానే ఉంటిరి. నేనే నమ్మలే" అంది. హాల్లోంచి మామ, ఏమన్నారు, ఏమన్నారు అని అడుగుతూనే ఉన్నాడు. ఆయనకు చెప్పడానికి మాలో ఎవరూ వెంటనే లేవలేకపోయాము.

మర్నాడు మామ కంటి కట్టు విప్పారు. ఆయనకు చూపు బాగా వచ్చింది. ఆ చూపుతో మొదట చూసింది అత్త కళ్ళనే. డాక్టరు రెండు చేతులూ పట్టుకొని, నాది ఒకటి తీసి ఆమెకు పెట్టండని చిన్నపిల్లాడిలా వేడుకున్నాడు. అట్లా కుదరదని ఆ అమ్మాయి ఎంత నెమ్మదిగా చెప్పినా ఆయన చేతులు వదలలేదు.

తర్వాత అత్త ఇంకా కొన్నేళ్ళు ఉంది. సరి సరి తప్ప మాట రాని మామ, రోజంతా మాట్లాడవలసి వచ్చింది. ఎవరు పోతున్నారు, ఏ చీర కట్టుకున్నారు, మబ్బు ఎటువైపు ఉంది అని ఆమె అడుగుతూనే ఉండేది. "పచ్చ చీర" అంటే చాలదు, పసుపుపచ్చా, ఆకుపచ్చా చెప్పాలి. తప్పు చెబితే ఎట్లాగో పట్టుకునేది. నేను చివరిసారి వెళ్ళినప్పుడు ఇద్దరూ పంచలో కూర్చుని ఉన్నారు. అత్త ఉన్నట్టుండి, "పాప మొగం నాకి మరిసిపోతా ఉండాది. నీకి కన్నుండాదే, ఎట్లుండె చెప్పు" అంది. పాప ఫోటో ఒక్కటి కూడా ఆ ఇంట్లో లేదు. మామ వీధివైపు చాలాసేపు చూశాడు. "ఈ కన్ను కొత్తది. ఇది పాపను చూడలే" అన్నాడు. అత్త చెయ్యి చాచి ఆయన చెయ్యి వెతుక్కొని పట్టుకుంది. ఇద్దరూ పోయారు ఇప్పుడు. కాలం మైకు కట్టుకొని ఆ ఇంటి ముందుకు రెండుసార్లు వచ్చి పిలిచింది, రాకూడని వేళ వచ్చినప్పుడు వాళ్ళ తలుపు తెరిచి ఉంది, రావలసిన వేళ వచ్చినప్పుడు మూసి ఉంది.